నారికేళపాకమైన ద్రాక్షాసవం

ముప్పది యేండ్లకు పైగా తరగతి గదిలో ద్రాక్షాపాకానికీ నారికేళపాకానికీ భేదం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. కాకతి ప్రతాపరుద్రుని ఆస్థానంలో విద్యానాథుడు ‘ప్రతాపరుద్రీయం’ రచిస్తూ ఈ రెండు పాకాలను వివరించాడు. నోట వేసుకొన్నంతనే రసమిచ్చేది ద్రాక్ష. పీచు ఒలిచి, పెంకు పగులగొడితే గాని దక్కనిది నారికేళం. అయితే ద్రాక్షనుండి పుట్టిన రసమే నారికేళపాకంలో ఉండవచ్చునని నాకు నేర్పింది ఫ్రాన్సు దేశపు ఒక తెల్ల వైను. మద్యమెరుగని పంతులుకు ఈ గొడవేమిటని నవ్వుకోకండి. చివరిదాకా చదివి అప్పుడు నవ్వండి.

మా అమ్మాయీ అల్లుడూ ఆఁజే నగరంలో ఉంటారు. ఆ ఊరి పేరులోని అనునాసికాన్ని తెలుగున వ్రాయడానికి అరసున్నయే దిక్కయింది. “ఈ అరసున్న ఇంకా ఎందుకు మాస్టారూ?” అని పిల్లలు అడిగిన రోజుల్లో ఈ సమాధానం నాకు తెలియకపోయెను! నిరుటి శరత్తులో అల్లుడు నన్ను అక్కడికి దగ్గరలోనే, ల్వార్ నది ఉత్తరపు గట్టున ఉన్న సవెన్నియేర్ గ్రామానికి తీసుకొనిపోయాడు. అక్కడ నదివైపు ఏటవాలుగా దిగే పలకరాతి నేలమీద ‘కూలే ద సెరాఁ’ అనే ద్రాక్షతోట ఉన్నది. విస్తీర్ణం సుమారు 7 హెక్టార్లు, అనగా మన లెక్కలో పదిహేడెకరాలు. 1130లో సిస్టర్షియన్ సన్యాసులు నాటిన తోట అది. మన నన్నయకూ తిక్కనకూ నడుమ కాలమన్నమాట! అంత చిన్న తోటకు, ఒకే యజమాని చేతిలో ఉన్నదానికి, ప్రత్యేకమైన ప్రాంతనామాన్ని ఫ్రాన్సు చట్టం ఇచ్చింది. అక్కడ పండేది ‘షెనఁ బ్లాఁ’ అనే తెల్లద్రాక్ష.

ఈ తోటకు పేరు తెచ్చినవాడు నికొలా జోలీ. 1945లో పుట్టాడు. అమెరికాలో కొలంబియా విశ్వవిద్యాలయంలో వాణిజ్యవిద్య నేర్చి, మోర్గాన్ బ్యాంకులో కొలువు చేశాడు. 1977లో ఆ కొలువు విడిచి, తల్లి నడుపుతున్న తోటకు తిరిగి వచ్చాడు. ఆమెది పాతకాలపు సేద్యం, ఇక ఆధునికం కావాలి అన్న నిపుణుల మాట విని కలుపుమందులు చల్లాడు. రెండేండ్లు తిరిగేసరికి మట్టి రంగు మారింది, పురుగూ పుట్రా కనబడకుండా పోయినవి. ఈ పొరపాటును ఆయన దాచుకోలేదు, తానే చెప్పుకొన్నాడు.

ఇది విన్నప్పుడు తోటగట్టున నా కాళ్ళు ఆగిపోయినవి. ఎందుకంటారా? నేనూ ఆ మందు చల్లినవాణ్ణే. ఉత్తీర్ణతా శాతం పెంచాలని పైవారు పట్టుబట్టిన యేండ్లలో పద్యం పాడటం మానివేశాను. ప్రశ్నలూ జవాబులూ వ్రాయించి బట్టీ పట్టించాను. నూటికి నూరుగురూ గట్టెక్కారు, నాకు శాలువా కప్పారు. కొన్నేండ్లకు, ఆ సంవత్సరం తెలుగులో అందరికంటె ఎక్కువ మార్కులు వచ్చిన కుర్రవాడు పెండ్లి శుభలేఖతో మా ఇంటికి వచ్చాడు. బల్లమీది పుస్తకం తెరిచి ఒక పద్యం చదవమన్నాను. తడబడి, సిగ్గుపడి, “ఇది మా సిలబస్‌లో లేదు కదండీ” అన్నాడు. పంట బాగానే పండింది. నేలే చచ్చింది.

జోలీకి ఆ తరువాత దారి చూపినది జీవగతిక సేద్యం. 1924లో రుడాల్ఫ్ స్టైనర్ చేసిన ప్రసంగాలు దానికి మూలం. 1980లో కొద్దిపాటి నేలలో పరీక్షించి, 1984 నాటికి తోటనంతటినీ అందులోకి మార్చాడు. ఆవుకొమ్ములో పేడ నింపి శీతకాలమంతా భూమిలో పాతిపెట్టడం, గ్రహగతులు చూసి పనులు చేయడం అందులో భాగాలు. పంచాంగం చూసే ఇంట పుట్టినవాణ్ణే అయినా, ఆ గ్రహాల మాటకు శాస్త్రాధారం లేదనే నేనంటాను. కాని ఏటవాలులో గుర్రాలతో దున్నడం, ఎరువు కుళ్ళబెట్టి వేయడం, ప్రతి తీగనూ ప్రతి దినం చూడటం, వీటి ఫలితానికి గ్రహసాక్ష్యం అక్కరలేదు. ఇప్పుడు ఆయన కుమార్తె వర్జీనీ ఆ పని చూస్తున్నది.

ఇక ఆ రసం సంగతి. పండ్లను ఒక్కసారే కోయరు. పండిన గుత్తులను మాత్రమే ఏరుతూ, కొన్ని వారాలపాటు మళ్ళీ మళ్ళీ తోటలోకి వెళ్తారు. పులియబెట్టడానికి బయటి ఈస్టు కలపరు, తోటనుండి వచ్చినదే చాలు. సీసాను ముందురోజే తెరిచి ఉంచమని జోలీ సలహా. అల్లుడు అట్లే తెరిచాడు. మొదటి సాయంకాలం వాసన చూస్తే తడిసిన రాయి, కొంచెం పటిక, అంతే. మొగం ముడుచుకొన్న పండితుడి వలె ఉన్నది. రెండవనాడు తేనెమైనం, ఎండిన చామంతి. మూడవనాడు ముదురు బంగారు రంగులోనుండి మిగుల ముగ్గిన పండ్ల తావి గదినంతా నింపింది. కొన్ని సీసాలు గాలి సోకి పాడైనట్లుంటాయని విమర్శించేవారూ ఉన్నారు. నిర్లక్ష్యంగా తెరిచినవానికి నారికేళం పెంకే కదా మిగిలేది!

కౌటిల్యుడు ద్రాక్షమద్యాన్ని చెప్పేటప్పుడు కాపిశాయనం, హారహూరకం అంటూ పుట్టిన దేశాల పేర్లనే చెప్పాడు. దాని గుణమేమిటో ఆ దేశమే విప్పి చెబుతుందన్నాడు. ఎన్నో యేండ్లు ప్రతిపదార్థాలు వ్రాయించిన నాకు ఈ మాట ఆ తోటలోగాని బోధపడలేదు.

ఆ కుర్రవాని కూతురు ఇప్పుడు ప్రతి ఆదివారం మా వసారాలో కూర్చుని పద్యం నేర్చుకొంటున్నది. అర్థం వెంటనే చెప్పను. ముందు పాడమంటాను, మూడవ వారం అడుగుతాను.

మూడవనాటి సీసానుండి ఒక్క చెంచా నేనూ రుచి చూశాను. ఈ వాక్యం మాత్రం మా ఇంటావిడకు చదివి వినిపించకండి.