రెప్పల మీది వయసు

పై రెప్పల మీద వదులైన చర్మాన్ని గోరంత వెడల్పున కోయించి కుట్లు వేయించుకోవాలా వద్దా అని ఏడాదిగా ఆలోచిస్తున్నాను. వైద్యులు దాన్ని బ్లెఫరోప్లాస్టీ అంటారు. మత్తు ఆ చోటుకే ఇస్తారు. గంట, గంటన్నరలో అయిపోతుంది. వారం రోజుల్లో కుట్లు తీసేస్తారు, రెండు వారాల పాటు వాపూ, కమిలిన నీలిరంగూ ఉంటాయి. మచ్చ రెప్ప మడతలో కలిసిపోతుంది. అనంతపురంలో ఈ మాట ఎవరితోనూ అనలేక బెంగుళూరు వెళ్ళి కనుక్కుని వచ్చాను. గర్భసంచి తీయించుకుంటున్నానని చెప్పి ఉంటే మా కాలేజీలో సగం మంది ధైర్యం చెప్పేవారు, మిగతా సగం ఏ ఆసుపత్రి మంచిదో చెప్పేవారు. రెప్పల దగ్గరికి వచ్చేసరికి నాకే నోరు పెగల్లేదు.

నాకిప్పుడు 48. మూడేళ్ళ కిందట పై రెప్పల చర్మం బయటి కొసల వైపు వాలడం మొదలైంది. మా అమ్మకూ, అమ్మమ్మకూ అంతే. నుదుటి మీద గీతలూ, నోటి పక్క మడతలూ నాకు ఎప్పుడూ పట్టలేదు. జుట్టుకు రంగు వేయడం మానేసి చాలా కాలమైంది. రెప్పల సంగతి వేరు. అవి వాలితే ముఖంలో కనబడేది వయసు కాదు, దిగులు. "రాత్రి నిద్రపోలేదా మేడమ్?" అని పిల్లలు అడుగుతారు. "ఏమ్మా, ఏడ్చినావా?" అని వీధి చివర కూరగాయలమ్మే అవ్వ అడుగుతుంది. నేను ఒంటరిగా ఉంటాను. ఇరవై ఏళ్ళ కిందట పెళ్ళిలోంచి బయటికి వచ్చాను, అందుకు ఒక్కరోజు కూడా విచారించలేదు. ఇన్నేళ్ళూ ఆ మాట నమ్మనివాళ్ళకు ఇప్పుడు నా ముఖమే సాక్ష్యంగా దొరికింది. "పైకి ఎన్ని చెప్పినా ముఖం దాచదు కదమ్మా" అని దగ్గరి బంధువొకామె అననే అంది. ముఖం దాచదనడంలో ఎంత ధీమా! నాలుగు మిల్లీమీటర్ల చర్మం నా బతుకు మీద తీర్పు చెప్పేస్తోంది.

హైదరాబాదులో ఉండే మిత్రురాలికి ఫోన్ చేసి చెప్పాను. మంచి కవయిత్రి. నవ్వుతుందనుకున్నాను, కోప్పడింది. మార్చాల్సింది వాళ్ళ చూపుని గానీ నీ రెప్పల్ని కాదంది. తన కోపం నాకు అర్థమవుతుంది. జయప్రభ 'చూపులు' చదివి పెరిగినవాళ్ళం. ఓల్గా 'రాజకీయ కథలు'లో కళ్ళూ, జడా, ముక్కుపుడకా ఎవరి అధీనంలో ఉన్నాయో చూసినవాళ్ళం. సుసాన్ సాంటాగ్ 1972లోనే వయసు విషయంలో ఆడవాళ్ళకొకటి మగవాళ్ళకొకటి ఉన్న కొలబద్దల మీద వ్యాసం రాసింది. మగవాడికి కుర్రవాడి అందమూ ఒప్పుకుంటారు, పెద్దమనిషి అందమూ ఒప్పుకుంటారు. ఆడదానికి ఒప్పుకునేది పడుచుపిల్ల అందం ఒక్కటే, అదీ ఆ కాసిన్ని ఏళ్ళే. ఈ సంగతి మా పల్లెల్లో సాంటాగ్ పేరు వినని ఆడవాళ్ళందరికీ తెలుసు.

కానీ 1995లో క్యాతీ డేవిస్ రాసిన పుస్తకం నన్ను ఎక్కువగా పట్టుకుంది. నెదర్లాండ్స్‌లో అందం కోసం ఆపరేషన్లు చేయించుకున్న ఆడవాళ్ళతో కూర్చుని మాట్లాడి రాసిందామె. అందంగా ఉండాలని కాదు, మామూలుగా ఉండాలని చేయించుకున్నామని వాళ్ళు చెప్పారు. ఈ వ్యవస్థ చేతిలో మోసపోయిన అమాయకులని ఆమె వాళ్ళను తీసిపారేయలేదు. అలాగని ఆపరేషన్ బల్లను విముక్తి అనీ అనలేదు. నాకూ అందం అక్కర్లేదు, పొద్దున్నే సంజాయిషీ చెప్పుకునే పని తప్పితే చాలు. అయితే మిత్రురాలు ఆ రోజు ఇంకో మాట కూడా అంది. డబ్బున్నవాళ్ళందరూ రెప్పలు ఎత్తించుకుంటూ పోతే మామూలు ముఖమంటే ఏమిటో మారిపోతుంది, అప్పుడు చేయించుకోలేనివాళ్ళు ఉన్న వయసు కంటే ముసలివాళ్ళుగా కనబడతారు. దీనికి నా దగ్గర జవాబు లేదు. ముఖంలో ముడతలు పోగొట్టడానికి బోటాక్స్ వాడకాన్ని అమెరికాలో అనుమతించింది 2002లో. కనుబొమల మధ్య గీతల కోసం వచ్చిన ఆ సూది ఈ రెండు దశాబ్దాల్లో మన జిల్లా కేంద్రాల బోర్డుల దాకా వచ్చింది. మూడు నాలుగు నెలలకు దాని ప్రభావం పోతుంది, మళ్ళీ పొడిపించుకోవాలి. కిస్తీల మీద కొనుక్కునే నునుపు.

ఈ విషయంలో మనకు బాగా గుర్తుండాల్సిన పేరు ఆర్తీ అగర్వాల్. 2001లో 'నువ్వు నాకు నచ్చావ్'తో తెలుగులోకి వచ్చింది. లైపోసక్షన్ చేయించుకున్న కొద్ది వారాలకే, 2015 జూన్ 6న అమెరికాలో చనిపోయింది. 31 ఏళ్ళు. ఆమెది కొవ్వు తీసే ఆపరేషన్, నేననుకుంటున్నది రెప్పల సంగతి, రెండూ ఒకటి కావు. కానీ ఆ వారం మాటలు నాకు గుర్తున్నాయి. ఎందుకు చేయించుకుందమ్మా, ఉన్నదాంతో సరిపెట్టుకోవచ్చుగా అన్నారు. లావైందని ఆమెను వెక్కిరించిన నోళ్ళే ఆ మాటా అన్నాయి. అరవై దాటిన కథానాయకుల పక్కన పాతికేళ్ళ పిల్లల్ని నిలబెట్టే పరిశ్రమలో నిలవడానికి కత్తి కిందికి పోతే పిచ్చి అన్నారు. పోకుండా ఉంటే అమ్మ వేషం.

మన దేశం ప్లాస్టిక్ సర్జరీకి పుట్టిల్లని సుశ్రుతుడి పేరు చెప్పి గర్వపడేవాళ్ళున్నారు. 1794లో లండన్ 'జెంటిల్మన్స్ మ్యాగజైన్' కావస్జీ అనే అతని బొమ్మతో సహా ఒక వార్త వేసింది. అతను ఇంగ్లీషువాళ్ళ సైన్యానికి ఎడ్లు తోలేవాడు. మైసూరు యుద్ధంలో టిప్పు సైన్యానికి చిక్కితే ముక్కు కోసి పంపారు. పుణె దగ్గర ఇటుకలు చేసే కులానికి చెందిన మనిషి అతని నుదుటి చర్మం మలిచి కొత్త ముక్కు పెట్టాడు. గొప్ప పనితనమే. అసలు ముక్కులు కుట్టేవాళ్ళకు ఇక్కడ అంత పని ఎందుకుండేదన్న ప్రశ్న మాత్రం గర్వపడేవాళ్ళు వేసుకోరు. ముక్కు కోయడం శిక్ష, అందులోనూ తప్పు చేసిందన్న నింద పడ్డ ఆడదానికి వేసే శిక్ష. శూర్పణఖ కథ చిన్నపిల్లలకు నవ్వుతూ చెబుతాం. ఓల్గా 'సమాగమం'లో ఆ శూర్పణఖను సీత ఎదుట ఒక తోటకు యజమానిగా నిలబెడితే గానీ, కోసిన ముఖంతో ఆమె తర్వాత ఎట్లా బతికిందన్న ఆలోచన మనకు రాలేదు.

మా ప్రాంతంలో ముఖాలు ముసలివయ్యే తీరు వేరు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు ఇది, అదీ పడితే. వేరుశెనగ విత్తనం దగ్గర్నుంచి కలుపు, చెట్టు పీకడం, కాయ కొట్టడం దాకా పనంతా ఎండలో ఆడవాళ్ళదే. ఎండలోని అతినీలలోహిత కిరణాలు చర్మం లోపలి కొల్లాజెన్ పోగుల్ని తెంపుతాయి. 2012లో అమెరికన్ వైద్య పత్రికలో ఒక లారీ డ్రైవరు ఫోటో వచ్చింది. 28 ఏళ్ళు కిటికీ వైపు ఎండ తగిలిన ఎడమ చెంప ముడతలు పడి వేలాడుతోంది, కుడి చెంప మరో మనిషిదిలా ఉంది. ఆ ఫోటోను నేను క్లాసులో చూపిస్తే నార్పల వైపు నుంచి వచ్చే ఒక పిల్ల, "మా అమ్మకు రెండు దిక్కులా అట్లే ఉంటాది మేడమ్" అంది.

ఆ అమ్మల ముఖాలంటే పత్రికలకు ఇష్టం. కరువు వార్త వచ్చిన ప్రతిసారీ ముడతల ముఖం ఒకటి, బీటలు వారిన నేల ఒకటి పక్కపక్కన వేస్తారు. ఫోటోలో మనిషికి నలభై కూడా ఉండకపోవచ్చు, కింద 'అవ్వ' అని రాస్తారు. మా జిల్లాలో ఎక్కువ భాగం ఎర్రనేల. ఎర్రనేల అట్లా బీటలు వారదు, గాలికి లేచిపోతుంది. ఆ బీటలు ఎండిన చెరువు అడుగువో, నల్లరేగడివో అయివుంటాయి. ఉపమానం కుదిరింది గదా అని నేలనూ మార్చేశారు, మనిషి వయసునూ మార్చేశారు. 2006 ఫిబ్రవరి 2న ఇదే నార్పల మండలం బండ్లపల్లిలో మొదలైన ఉపాధి హామీ పనుల్లో 2023 నుంచి రోజుకు రెండుసార్లు కూలీల ఫోటోలు తీసి ఎక్కించడం తప్పనిసరి చేశారు. అక్కడ ముఖం హాజరుపట్టీ. ఫోటో సరిగ్గా ఎక్కకపోతే మనిషి అక్కడ లేనట్టే.

ఊళ్ళో చివరికి నేను ఈ విషయం చెప్పింది ఒక్కరికే. మా ఇంట్లో పనికి వచ్చే ఆమెకు. బెంగుళూరు ఎందుకు పోయినావని అడిగితే అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. కసువు చిమ్మడం ఆపి నా ముఖం దగ్గరికి వచ్చి చూసింది.

"దీనికి ఎంతయితాదక్కా?"

చెప్పాను.

"నువ్వు దుడ్డిచ్చి వయసు తగ్గించుకుంటావు. నేను దుడ్డిచ్చి పెంచుకోవల్ల" అంది.

ఆమె చెప్పింది ఆధార్ కార్డు సంగతి. పెళ్ళయిన ఏడూ, పెద్దకొడుకు వయసూ లెక్కేస్తే 2020 నాటికే ఆమెకు యాభై దాటి ఉండాలి. కార్డులో 41. ఆ ఏడాది వచ్చిన 'చేయూత' పథకం బడుగు వర్గాల్లో 45 నుంచి 60 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళకు. ఏటా 18,750 రూపాయల చొప్పున నాలుగేళ్ళు, మొత్తం 75,000. ఆమెకు మొదటి ఏడాది కూడా అందలేదు, కార్డు వయసు 45కి వచ్చేసరికి పథకమే పోయింది. వృద్ధాప్య పింఛను వయసు 2019లో 65 నుంచి 60కి తగ్గించారు, ఆ 60 కూడా ఆమెకు కార్డు ప్రకారం పదేళ్ళు ఆలస్యంగా వస్తుంది. "మూతి జూసి రాసింటే అరవై రాసేటోళ్ళు. ఎవురు జూసినారు?" అంది, మళ్ళీ చీపురు పట్టుకుంటూ.

ఆమెకు గర్భసంచి తీసేశారు, ముప్పై దాటకముందే. తెల్లబట్ట అవుతోందని చూపించుకుంటే, సంచి చెడిపోయింది, ఉంచితే క్యాన్సర్ అవుతుందన్నారట. ఇది ఒక్క ఆమె కథ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే లెక్కలో 15 నుంచి 49 ఏళ్ళ మధ్య ఆడవాళ్ళలో గర్భసంచి తీసేసినవాళ్ళు దేశం మొత్తం మీద 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అండాశయాలు కూడా తీసేస్తే ఆ రోజే ముట్లుడిగినట్టు. ఉంచినా కొందరికి ముందే ఉడిగిపోతాయి. ముట్లుడిగిన తొలి ఐదేళ్ళలో చర్మంలోని కొల్లాజెన్ సుమారు 30 శాతం పోతుందంటారు. ఎండ ఒకవైపు, ఆ కోత ఒకవైపు కలిసి ఆమె ముఖాన్ని ఇట్లా చేశాయి. ఆ కోతకు ఎవరూ ఆమెను దెప్పలేదు, స్త్రీవాదిగా నువ్వట్లా చేయవచ్చా అని ఎవరూ నిలదీయలేదు. కడుపు కోయించుకోవడానికి ఆమెకు నొప్పి అనే కారణముంది. కారణం ఉంటే చాలు, అది నిజమైన కారణమా అన్నది ఎవరికీ పట్టదు. నాకు నొప్పి లేదు. ఉత్త కోరిక. దాచుకోవాల్సింది అదే అయింది.

ప్రభుత్వమూ ఇట్లాగే చూస్తుంది. 2017లో జి.ఎస్.టి. వచ్చినప్పుడు వైద్యానికి పన్ను మినహాయించి, అందం కోసం చేసే శస్త్రచికిత్సకు 18 శాతం వేశారు. పుట్టుకతో వచ్చిన లోపమో, దెబ్బ తగిలిన గాయమో అయితే పన్ను లేదు. నేను చూపించుకున్న చోట కౌంటర్లో అమ్మాయి చాలా స్నేహంగా, చూపుకు అడ్డం వస్తోందని రాయిస్తే బీమాకు అడగొచ్చు మేడమ్ అంది. నా చూపుకు అడ్డమేమీ రావడం లేదు. వద్దన్నాను.

డాక్టరు మాత్రం తొందరపెట్టలేదు. ఆవిడకు అన్నిటికంటే ముందు తెలియాల్సింది నా కళ్ళలో ఎంత తడి ఉందని. ముట్లుడిగే వయసులో కళ్ళు పొడిబారతాయి. పొడిబారిన కళ్ళ మీద చర్మం కాస్త ఎక్కువ కోస్తే నిద్రలో రెప్పలు పూర్తిగా మూతపడవు, నల్లగుడ్డు ఎండి పుండవుతుంది. దానికొక పరీక్ష ఉంది, 1903లో షిర్మర్ అనే జర్మన్ వైద్యుడు కనిపెట్టాడు. సన్నటి కాగితం ముక్క కింది రెప్ప లోపల తగిలించి ఐదు నిమిషాలు కళ్ళు మూసుకోమంటారు. కాగితం ఎంత మేర తడిసిందో మిల్లీమీటర్లలో కొలుస్తారు. 15 పైన ఉంటే బాగున్నట్టు, 5 కంటే తక్కువైతే బాగా ఎండినట్టు. కుడికన్ను 9, ఎడమకన్ను 7. మీది ఏ ఊరని అడిగింది. చెప్పాను. వాన లెక్కలాగే ఉందే అని నవ్వింది. నేనూ నవ్వాను.

అది ఆషాఢం. రామగిరి కొండల మీద గాలిమరలు ఆగకుండా తిరిగే నెలలు అవి. కిటికీలు మూసినా మంచం మీద ఎర్రదుమ్ము పేరుకుంటుంది. చుక్కల మందు రాసిచ్చి, రోజుకు నాలుగుసార్లు వేసుకోమంది. గాలులు తగ్గాక వస్తే మళ్ళీ కొలిచి, అప్పుడు మాట్లాడుకుందామంది. 10 దాటకపోతే తాను చేయనని కూడా చెప్పింది. కార్తీకంలో వెళ్ళాలి, పరీక్షల పేపర్లు దిద్దడం అప్పటికి పూర్తవుతుంది. మా పనామె, తోడుకు తను కూడా వస్తానంటోంది. ఆమెకు బెంగుళూరులో పెద్దకొడుకును చూడాలని ఉంది, ఇంకా నా కళ్ళలో ఆ కాగితం ఎట్లా పెడతారో చూడాలనీ ఉంది.