కరెంటు లేని ఆదివారం

కార్తీకమాసంలో ఓ ఆదివారం ఉదయం. హైదరాబాద్‌ రెడ్‌హిల్స్‌లో ఓ చెట్టు కింద చాప పరుచుకుని కూర్చుందామె. పక్కన స్టీలు క్యారియర్, ప్లాస్టిక్‌ సంచిలో ఫైలు. ‘ఇవాళ ఆసుపత్రికి వెళ్లలేదా?’ అని పలకరిస్తే...

‘‘ఇయ్యాల కరెంటు లేదక్కా. నిన్న గూడ లేదు. మళ్ల రేపే’’ అంది.

ఎదురుగా టీకొట్టులో ఫ్యాను గిర్రున తిరుగుతూనే ఉంది! ఆమె చెప్పింది ఆ కరెంటు గురించి కాదు. రేడియేషన్‌ చికిత్సకు మన పల్లెలు పెట్టుకున్న పేరది. ‘కరెంటు పెడుతున్నరు’ అంటే చాలు, ఈ వీధిలో ఎవరికైనా అర్థమైపోతుంది.

చాయ్‌ ఒకవైపు... చీటీలు ఒకవైపు

లక్డీకాపూల్‌ మెట్రో స్టేషన్‌లో దిగి నడుచుకుంటూ రావచ్చు ఇక్కడికి. 1953లో కట్టిన నిలోఫర్‌ పిల్లల ఆసుపత్రి ఇక్కడే. ఆ పేరుతోనే నగరమంతా ప్రసిద్ధమైన చాయ్‌ కూడా. ఆదివారమైతే చాలు, ఆ చాయ్‌ కోసం ఎక్కడెక్కడి నుంచో కార్లేసుకుని వస్తారు. ఆ సందడికి కూతవేటు దూరంలోనే ఎం.ఎన్‌.జె. క్యాన్సర్‌ ఆసుపత్రి. 1955లో మొదలైన ఈ సర్కారు దవాఖానాకు మెహదీ నవాజ్‌ జంగ్‌ పేరు పెట్టారు. తర్వాత గుజరాత్‌కు తొలి గవర్నరైంది ఆయనే. 2023లో దీనికి కొత్త భవనం కూడా వచ్చింది.

2007లో ఆరోగ్యశ్రీ మొదలయ్యాక క్యాన్సర్‌ వైద్యం కోసం పొలం అమ్ముకోవాల్సిన అవసరం చాలామందికి తప్పింది. ఆ మేరకు పెద్ద ఊరటే. కానీ వైద్యం ఒక్కరోజుతో అయ్యేది కాదే! రేడియేషన్‌ సాధారణంగా సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజూ ఇస్తారు. అదీ ఐదారు వారాల పాటు. బల్లమీద పడుకోబెట్టి ఇచ్చేది కొద్ది నిమిషాలే. నొప్పి కూడా తెలియదు. శని, ఆదివారాలు సెలవు. ఆ రెండు రోజుల్లో ఒంట్లోని మంచి కణాలు కాస్త కోలుకుంటాయి. కొద్ది నిమిషాల చికిత్స కోసం నెలకు పైగా ఊరుగాని ఊళ్లో ఉండాలి. ఏం తినాలి? ఎక్కడ పడుకోవాలి? ఊళ్లో పిల్లల్ని ఎవరు చూడాలి? అసలు కష్టం అక్కడే మొదలవుతుంది.

చెరిగిపోకూడని గీతలు

చాప మీద కూర్చున్నామెది అచ్చంపేట దగ్గర పల్లె. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్‌. మొత్తం ఇరవై ఐదు కరెంట్లు పెట్టాలన్నారు. వారానికోసారి సెలైన్‌లో కీమో మందు. అవన్నీ అయ్యాక ‘లోపలి కరెంటు’ మరికొన్నిసార్లు. పొట్ట మీద సిరాతో గీతలు గీశారు. కిరణాలు ఎక్కడ పడాలో చెప్పే గుర్తులవి. ‘‘అవి చెరిగిపోకుండ తానం చెయ్యాల్నంటే ఎట్లనో మొదట్ల సమజే కాలె’’ అని నవ్విందామె. పదేళ్ల కూతురుంది. ఆ పిల్లకు టీకా వేయిస్తే ఈ జబ్బు రాకుండా చూసుకోవచ్చని నర్సు చెప్పిందట. ‘‘మా కాలంల లేకపాయె’’ అంది ఆ తర్వాత.

భర్త జేబులో చిన్న క్యాలెండర్‌. అయిన కరెంటుకల్లా ఒక అడ్డగీత. పదిహేను అయ్యాయి. పది మిగిలాయి. అతని చూపు మాత్రం ఫోను మీదే ఉంది. మూడెకరాల పత్తి విచ్చుకుంది. మబ్బు పట్టిందని అన్న పొద్దున్నే ఫోన్‌ చేశాడు. వాన పడితే పత్తి నల్లబడుతుంది, ధర సగానికి పోతుంది. కూలీల్ని మాట్లాడటానికి, డబ్బులు సర్దడానికి అతను ఊళ్లో ఉండాలి. వాంతులతో నీరసించిన మనిషిని ఇక్కడ ఒంటరిగా వదిలేదెలా?

‘‘ఒక వారం ఇద్దరం పోయి, పత్తి ఏరినంక వద్దామనుకుంటున్న’’ అన్నాడు.

వినడానికి సబబుగానే ఉంది. కానీ ప్రమాదమంతా ఆ వారంలోనే. మధ్యలో ఆపితే, అణిగిన క్యాన్సర్‌ కణాలకు మళ్లీ పెరిగే వ్యవధి దొరుకుతుంది. అప్పటిదాకా పడ్డ కష్టం వృథా కావచ్చు. పైగా, ఒకసారి ఇల్లు చేరాక మళ్లీ బయల్దేరడం అంత తేలిక కాదు. పనులు అడ్డొస్తాయి, చేతిలో డబ్బులుండవు, ‘కొంచెం నయమైంది కదా’ అనిపిస్తుంది.

కంచం వేరు చేశారు!

అదే చెట్టు కింద నిజామాబాద్‌ జిల్లా నుంచి వచ్చిన పెద్దాయన. తంబాకు అలవాటుతో నోటి క్యాన్సర్‌. కరెంటు పెట్టేటప్పుడు తల కదలకుండా ముఖానికి అచ్చు పోసిన ప్లాస్టిక్‌ జాలీ బిగిస్తారు. నోరంతా పుండ్లు. లాలాజలం ఎండిపోయింది. మాట రాదు, ఏదైనా చెప్పాలంటే పిల్లల నోటుపుస్తకంలో రాస్తాడు. తోడుగా వచ్చింది కోడలు. పొద్దున రాగిజావ, మధ్యాహ్నం మెత్తగా పిసికిన పెరుగన్నం. ‘‘కారం లేనిదే ముద్ద ముట్టకపోయేది మా మామ. ఇప్పుడు చిన్నపిల్లగాని లెక్క తింటున్నడు’’ అంటుందామె.

సోమవారం పరీక్షల కోసం ముందురోజే వచ్చిన నల్గొండ జిల్లా ఆవిడ కూడా మాటల్లో కలిసింది. రొమ్ము క్యాన్సర్‌కు వైద్యం పూర్తయి ఆరేళ్లు. రాలిన జుట్టు మళ్లీ వచ్చింది. రోజూ పొలం పనికి వెళ్తోంది. ‘‘మందులు పెట్టిన బాధ మరిచిపోయిన. ఇంటికి పోతే కంచం, గ్లాసు వేరు పెట్టిన్రు. అదొక్కటి మరిచిపోలే’’ అంది. క్యాన్సర్‌ అంటువ్యాధి కాదు. ఒక్క కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా రాదు. చదువుకున్న ఇళ్లలోనూ ఈ భయం పోలేదు!

మనవాళ్లెవరికైనా ఈ జబ్బు వస్తే యాపిల్‌ పళ్లు పట్టుకుని వెళ్తాం. పక్కింటాయనకు ఏమైందో కథలు చెప్పి వస్తాం. దానికి బదులు, ఆసుపత్రికి తోడుగా ఒక్క రోజు వెళ్లొచ్చు. పిల్లల్ని వారం పాటు మనింట్లో ఉంచుకోవచ్చు. జలుబూ దగ్గూ ఉంటే మాత్రం వెళ్లకపోవడమే మేలు. కీమో తీసుకునేవారిలో రోగాల్ని తట్టుకునే శక్తి తగ్గుతుంది. వాళ్లకు జ్వరం వస్తే ఇంట్లో మాత్ర వేసి ఊరుకోకూడదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పదహారో గీత

మధ్యాహ్నం ఎవరో దాత ఆటోలో పులిహోర పొట్లాలు తెచ్చి పంచాడు. తింటుండగా పత్తి మాట మళ్లీ వచ్చింది. అంతా విన్న నిజామాబాద్‌ కోడలు తేల్చి చెప్పేసింది.

‘‘నువ్వొక్కనివే పోయి రా తమ్మీ. చెల్లెను నేను చూసుకుంట. రేపు కరెంటుకు ఇద్దర్నీ నేనే తోల్కపోత. ఒకరికి జావ కాసేది ఇద్దరికి కాస్త. అంతే గదా!’’

అతను నోరు తెరిచేలోపే పెద్దాయన నోటుపుస్తకం అందుకున్నాడు. వణుకుతున్న చేత్తో రాసి చూపించాడు: ‘పో. బుధవారం రా. రాకుంటే నేనే వచ్చి పట్టుకస్త.’

అందరూ నవ్వారు. అతనికి మాత్రం కళ్లు చెమ్మగిల్లాయి. ఒకరి ఊరు ఒకరికి తెలియదు. మూడు వారాల కిందట ముఖాలు కూడా తెలియవు. వరసలు మాత్రం వచ్చేశాయి.

సాయంత్రం ఇమ్లీబన్‌ బస్టాండుకు బయల్దేరాడతను. నాలుగడుగులు వేసి వెనక్కి వచ్చాడు. జేబులోంచి క్యాలెండర్, పెన్సిలు తీసి భార్య చేతిలో పెట్టాడు.

‘‘రేపటి గీత నువ్వే కొట్టు.’’