ఫాల్గుణం పద్దులో సున్నాలు

శివరాత్రికి చలి శివశివా అంటూ వెళ్ళిపోవాలని పెద్దలు గడువు పెట్టారు. నల్లమల పాదంలో ఉన్న ఊళ్ళ దగ్గర అది ఆ గడువును లెక్కచెయ్యని ఏళ్ళు చాలానే ఉంటాయి. శివరాత్రి వెళ్ళి, ఫాల్గుణం వచ్చి, అడవిలో మోదుగలు ఎర్రగా విరగబూసినా, అహోబిలంలో తెల్లవారుజామున ఎగువ సన్నిధికి బయల్దేరినవాళ్ళ భుజాల మీద దుప్పట్లు కనిపిస్తాయి. పదకొండు గంటలకల్లా ఆ దుప్పటే చంకలో బరువవుతుంది. చలి తిరగబెట్టిన అలాంటి రోజుల్లో తెల్లవారుజామున 15, 16 డిగ్రీలుంటే, మధ్యాహ్నానికి 34 దాకా పోతుంది. పంచాంగం ప్రకారం వసంతం ఉగాదితో గానీ మొదలవదు. చెట్లు పంచాంగం చూసి పుయ్యవు కాబట్టి నేను దీన్ని వసంతం కిందే జమకట్టుకుంటాను.

ఈ చలి చాలావరకు ఇక్కడే తయారయ్యే సరుకు. ఈశాన్య రుతుపవనాలు డిసెంబరులో సర్దుకుని పోయాక గాలిలో తేమ మిగలదు. పగలంతా కొండరాళ్ళూ రేగడి నేలలూ తాగిన వేడి, పొద్దుగూకగానే పైకి పోవడం మొదలుపెడుతుంది. దాన్ని ఆపడానికి మబ్బు లేదు, ఆవిరి లేదు. మోడం పట్టిన రాత్రి ఉక్కపోసేదీ, చుక్కలు తేటగా కనిపించే రాత్రి పళ్ళు కొట్టుకునేదీ ఇందుకే. అంటే చలి ఉండటానికీ వాన లేకపోవడానికీ కారణం ఒక్కటే.

వాతావరణ శాఖ మాత్రం దీన్ని చలిగా ఒప్పుకోదు. మైదానంలో కనిష్ఠ ఉష్ణోగ్రత 10 డిగ్రీలకు దిగాలి, అది మామూలు కన్నా నాలుగున్నర డిగ్రీలైనా తక్కువ ఉండాలి. అప్పుడు గానీ శీతల గాలులన్న మాట వాళ్ళ బులెటిన్‌లోకి రాదు. మా చలికి ఆ అర్హత లేదు. వాన లేదు కనక వానల రిజిస్టరులోనూ దీనికి చోటు లేదు. మాఘం చివర నుంచి ఫాల్గుణం దాకా నడిచే ఈ చలిబెట్ట ఏ ప్రభుత్వ కాగితం మీదా పడకుండా ఏటా వచ్చిపోతూ ఉంటుంది.

నన్ను అడిగితే, వానల రిజిస్టరులో చూడాల్సింది వాన పడని పేజీలే.

రెయిన్‌గేజిని దగ్గరగా చూసినవాళ్ళు తక్కువ. తహశీల్దారు కచేరీ ఆవరణలో, చెట్టు నీడా గోడ నీడా తగలని చోట, చిన్న సిమెంటు దిమ్మె మీద నిలబడి ఉంటుంది. అయిదంగుళాల మూతి ఉన్న గరాటు, దాని కింద నీళ్ళు పట్టే సీసా, పక్కన గీతలు గీసిన గాజు కొలపాత్ర. అంతే యంత్రం. దీనికి పేరిచ్చిన సైమన్స్ అనే లండన్ పెద్దమనిషి 1860లో ఊరూరా ఔత్సాహికుల చేత వాన కొలిపించడం మొదలుపెట్టాడు. మద్రాసులో అయితే అంతకు ముందే, 1813 నుంచీ, వాన లెక్క రాసిపెట్టి ఉంది. ఇప్పుడు మండలాల్లో తమంతట తామే లెక్క పంపే ఆటోమేటిక్ కేంద్రాలు వచ్చాయి గానీ గరాటు మీద నమ్మకం ఇంకా పోలేదు.

రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు కొలవాలి. నిన్న ఎనిమిదిన్నర నుంచి ఇవాళ ఎనిమిదిన్నర దాకా పడిందంతా ఇవాళ్టి పద్దు. రాత్రి తొమ్మిదికి మీరు తడిసి ముద్దయిన వాన మర్నాటి తేదీ కింద ఉంటుంది. ఈ సంగతి తెలియనివాళ్ళు పాత పుస్తకాలు తిరగేస్తే ఫలానా పండగనాడు వాన పడిందా లేదా అని జుట్లు పట్టుకోవాల్సిందే. రెండున్నర మిల్లీమీటర్లు పడితేనే అది వానరోజు. అంతకు లోపల పడింది అంకె అవుతుంది గానీ రోజు అనిపించుకోదు.

ఫిబ్రవరి పేజీలో పై నుంచి కింద దాకా సున్న, పాయింటు, సున్న. నెలంతా అదే రాసే గుమాస్తా మీద జోకులు వెయ్యడం తేలిక. కానీ ఆ సున్నకూ ఖాళీ గడికీ ఉన్న తేడా మీద ఈ పుస్తకం పరువంతా నిలబడి ఉంది. సున్న అంటే ఒక మనిషి వెళ్ళి, గరాటు ఎత్తి, సీసా చూసి, ఏమీ లేదని రాశాడు. ఖాళీ అంటే ఎవరూ వెళ్ళలేదు. బెట్ట రోజుల్లో వెళ్ళనివాడికి గరాటులో ఎండు వేపాకు పడిందీ, సాలెపురుగు గూడు అల్లిందీ తెలియదు. ఆ గరాటు జూన్‌లో మొదటి వాన పడ్డప్పుడు సగం నీళ్ళు పక్కకు పోనిస్తుంది. అప్పుడు పుస్తకంలో కనబడే అంకె దొంగలెక్క. పంటలబీమాలో కొన్ని పథకాలు వాన అంకెను బట్టే డబ్బు ఇస్తాయి. వర్షాకాలంలో వరుసగా మూడు నాలుగు వారాలు వాన మొహం చాటేస్తే కరువు మండలం అనిపించుకోవడానికి ఆ పేజీలే సాక్ష్యం. సున్న రాయడం వట్టి పని కాదు.

రైతు కొలత వేరు. చేలోంచి వస్తున్న ఒక పెద్దాయన్ని అడిగాను: “పెద్దనాయనా, రాత్రి వాన ఎంత పడింది?”

“ఎంతేంది అబ్బీ! జానెడు పదునైంది. యిత్తనం ఏసుకోవచ్చు.”

ఆయన మడమతో మన్ను గీరి, లోపలి మట్టి పిడికెడు తీసి గట్టిగా నొక్కి, చెయ్యి తెరిచాడు. ముద్ద విడిపోలేదు. అదీ ఆయన కొలపాత్ర. అందులో మిల్లీమీటర్లు లేవు. ఎందుకంటే నెర్రెలు విచ్చిన నల్లరేగడి మీద పడ్డ మొదటి 20 మిల్లీమీటర్లు నెర్రెల్లోకి జారిపోతాయి, పైన దుమ్ము తడుస్తుంది, విత్తనానికి మిగిలేది తక్కువ. ఆ ఇరవయ్యే తడి ఉన్న నేల మీద పడితే జానెడు దిగుతుంది. కచేరీ పుస్తకంలో రెండూ ఒకటే ఇరవై.

ఇక ఏడాది సగటు మాట. పాత కర్నూలు జిల్లాకు దాదాపు 670 మిల్లీమీటర్లు, కడపకు 700. అహోబిలం ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి వచ్చింది గానీ మబ్బులకు 2022 నాటి జిల్లాల విభజనతో పని లేదు. సైమన్స్‌గారి లండన్‌లో ఏడాదికి పడేది 600 చిల్లర. అంటే కరువుసీమ అని పేరు మోసిన మాకు లండన్ కన్నా ఎక్కువ వాన! అక్కడ పన్నెండు నెలలూ చినుకుతూనే ఉంటుంది, చల్లటి ఆకాశం కింద నేల ఆ తడిని దాచుకుంటుంది. మాకు నలభై చిల్లర రోజుల్లో కురిసి, మిగతా మూడొందల పైచిలుకు రోజులు ఎండకు అప్పజెప్పి పోతుంది. సగటు అంకెను చూసి సీమకు నీళ్ళున్నాయనేవాళ్ళు దాన్ని రోజులవారీ పరిచి చూడాలి.

2009 సంగతి ఇంకా విచిత్రం. ఆ వర్షాకాలం దేశం మొత్తం మీద 22 శాతం లోటు. మన రాష్ట్రంలోనూ కరువు మండలాలు ప్రకటించారు. సెప్టెంబరు ఆఖరుకు వచ్చేసరికి కృష్ణ, తుంగభద్రల పరివాహకంలో వాన విరుచుకుపడి, అక్టోబరు 2న కర్నూలు పట్టణం మునిగింది. 19 లక్షల క్యూసెక్కులకని కట్టిన శ్రీశైలం ఆనకట్టకు 25 లక్షలు దాటిన వరద వచ్చింది. కరువు, వరద ఒకే ఏడాది పద్దులో పక్కపక్కనే ఉన్నాయి. రెండూ కలిపి సగటు తీస్తే ఎవరికీ ఏమీ జరగనట్టే ఉంటుంది.

సున్నాలు వర్షాకాలంలో బారులు తీరితే ఏమవుతుందో ధాత కరువు చెబుతుంది. 1876లో వానలు మొహం చాటేశాయి. అప్పటికే కర్నూలు–కడప కాలువ తవ్వి ఉన్నా జిల్లాను అది కాపాడలేకపోయింది. 1871 జనాభా లెక్కకూ 1881 లెక్కకూ మధ్య కర్నూలు జిల్లా జనం దాదాపు నాలుగో వంతు తగ్గిపోయారు.

అందుకే సీమలో వాన లేదన్న మాట వింటే ఎవరికైనా గుండె జారుతుంది. అలవాటైన భయం అది. కానీ ఫాల్గుణంలో ఆ భయం తప్పు చిరునామాకు వెళ్తుంది. ఆషాఢంలో పడే సున్నా, ఫాల్గుణంలో పడే సున్నా కాగితం మీద కవలల్లా ఉంటాయి. ఒకటి చేను తీస్తుంది, రెండోది ఇల్లు నింపుతుంది.

శనగనే చూడండి. అక్టోబరు, నవంబరుల్లో రేగడిలో మిగిలిన పదును మీద విత్తుతారు. ఆ తర్వాత పైన చుక్క పడకపోయినా నేలలో దాగిన తడితో, రాత్రి చలితో కాయ కట్టేస్తుంది. 1906 నుంచి ఉన్న నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం ఈ పంట మీద చాలా పని చేసింది. కోతయంత్రానికి అందేలా నిటారుగా పెరిగే ధీర రకం అక్కడిదే. తెల్లవారుజామున శనగచేలో నడిస్తే కాళ్ళకు తడి అంటుతుంది, కాసేపటికి పిక్కలు చురచురమంటాయి. ఆకు మీది నూగులో పులుపు ఊరుతుంది, అది మంచులో కలుస్తుంది. వెనకటికి రాత్రి చేను మీద పలచటి గుడ్డ పరిచి, తెల్లారి పిండి, ఆ పుల్లటి నీళ్ళను అజీర్తికి మందుగా దాచుకునేవారు. మా రెయిన్‌గేజి ఎప్పుడూ పట్టించుకోని తడి అది.

బనగానపల్లె వైపు మామిడితోటలకూ ఈ పొడిచలే కావాలి. చలి బాగుంటే పూత నిండుగా వస్తుంది. మోడం పట్టి తేమ పెరిగిందా, బూడిద తెగులూ తేనెమంచు పురుగూ పూతను మాడ్చేస్తాయి.

ఇంకో సంగతి, ఇది నా ఊహ మాత్రమే. కనుమనాడు అహోబిలం స్వామి పారువేటకు బయల్దేరతాడు. తన పెళ్ళికి తానే పిలుపులు చెప్పుకుంటూ, పల్లకిలో నలభై రోజులకు పైగా ఆళ్ళగడ్డ, రుద్రవరం వైపు ముప్పైకి పైగా ఊళ్ళు తిరిగి, ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాల వేళకు కొండకు చేరతాడు. ఎందుకు ఈ రోజులే? పురాణం చెప్పే కారణం ఉండనే ఉంది. తడిసిన నల్లరేగడిలో నాలుగడుగులు వేసినవాళ్ళకు ఇంకో కారణం కూడా తోస్తుంది. చెప్పులకు మట్టి తట్టలా అంటుకుని ఒంటి మనిషే నడవలేడు, ఇక పల్లకి మోసే బోయీలు పొలాల గట్లంట పోయేదెట్లా? ఏడాది మొత్తంలో వాన పద్దు సున్నాలతో నిండి, దారులు గట్టిపడి, గాదెల్లో గింజ చేరి, జనానికి తీరిక చిక్కేది ఈ నెలన్నరే. చెంచుల ఆడపడుచును చేసుకున్న దేవుడికి అడవి దారుల సంగతి మనం చెప్పేదేముంది.

ఇలాంటి నెలలో ఒక్కోసారి, ఎక్కడిదో ద్రోణి అంటారు, సాయంత్రం ఉరిమి 12 మిల్లీమీటర్లు పడిపోతుంది. మామూలుగా నాలుగైదు కూడా పడని నెల అది. శాతం కడితే రెట్టింపు దాటుతుంది. మామూలు కన్నా 60 శాతం మించితే చాలు, వాతావరణ శాఖ పట్టికలో అది అత్యధిక వర్షపాతమే. కల్లంలో ఉన్న శనగకుప్పల మీద పట్టలు కప్పేలోపే అడుగు వరస తడుస్తుంది. నాలుగు రోజులు పోయాక వ్యాపారి వచ్చి గింజను అరచేతిలో దొర్లించి చూస్తాడు.

“మచ్చ పడింది రెడ్డీ, ఈ రేటుకు రాదు.”

“మచ్చ యాడుంది? ఎండబెడితే పోతాది.”

“పోతే అప్పుడే తీసుకుంటాలే.”

రెడ్డి ఆ సంచి మూతి కట్టి, ఇంకో వ్యాపారికి ఫోను కలుపుతాడు.