వేయని బస్తా, కొట్టని మందు
(ఒక మిరప రైతు డైరీ నుంచి)

జూన్ 20, 2024

మట్టి పరీక్ష కాగితం ఇవాళ చేతికొచ్చింది. సొంత చేను, కౌలు చేను విడివిడిగా ఇచ్చాను. రెండింటిలోనూ ఒకటే కథ: నత్రజని తక్కువ, భాస్వరం బాగా ఎక్కువ, పొటాష్‌కు లోటు లేదు, జింకు లేదు. వ్యవసాయ సహాయకురాలు కాగితం మీద వేలు పెట్టి చదివి, "బాబాయ్ గారూ, ఈ ఏడు దుక్కిలో డీఏపీ ఊసెత్తకండి. ఉన్న భాస్వరాన్ని కరిగించే బ్యాక్టీరియా పశువుల ఎరువులో కలిపి వేసుకోండి, చాలు" అంది. భాస్వరం మితిమీరితే మొక్కకు జింకు అందదట. ఏటా ఆకులు చిన్నవై పాలిపోతుంటే వైరస్ అనుకుని మందుల కొట్టుకు పరుగెత్తే వాళ్లు మా ఊళ్లో సగం మంది.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. డీఏపీ బస్తా 1,350 రూపాయలు. అందులో నత్రజని 9 కిలోలు, భాస్వరం 23 కిలోలు. ఆ 9 కిలోల నత్రజనినే యూరియాగా కొంటే, 45 కిలోల బస్తా 266 రూపాయల 50 పైసల లెక్కన, 120 రూపాయలు దాటదు. అంటే బస్తాకు 1,230 రూపాయల దాకా మన నేలలో ఇప్పటికే పేరుకుపోయిన భాస్వరానికే పోతోంది. మా నాన్న హయాం నుంచీ "డీఏపీ పడందే దుక్కి దుక్కే కాదు" అనే మాట నడుస్తోంది. అప్పటి నేలకు అది నిజం. తర్వాత ఎవరూ నేలను అడగలేదు.

ప్రెసిషన్ ఫార్మింగ్ అని పెద్దాడు ఫోన్‌లో వీడియోలు చూపిస్తుంటాడు. ఉపగ్రహాలు, సెన్సర్లు, తనంతట తాను నడిచే ట్రాక్టర్లు. వాటన్నిటికంటే ముందు ఈ కాగితం.

ఆగస్టు 11

సొంత చేలో బోదెలు తోలి, డ్రిప్పు పైపులు పరిచి, పైన మల్చింగ్ షీటు వేయించాం. షీటు పైవైపు వెండి రంగు, కిందవైపు నలుపు. వెండి రంగు ఎండను పైకి కొట్టి తామర పురుగును కొంత బెదరగొడుతుంది. కింద నలుపు కలుపును మొలవనివ్వదు. అసలు లాభం కలుపు కూలీలోనే ఉంది. మిరపలో కలుపు ఒక్కసారితో పోయేది కాదు, మనుషులు దొరకని రోజుల్లో వాళ్లు అడిగిందే కూలి.

కౌలు చేను మాత్రం మామూలుగానే. డ్రిప్పు సబ్సిడీకి పాస్‌బుక్కు కావాలి. అది ఆసామి పేరున ఉంది. ఆయన హైదరాబాదులో ఉంటాడు. సంతకం మాట ఎత్తితే, "ఎందుకురా లేనిపోని గొడవ, పైపులు పెడితే రేపు చేను నాదంటావేమో" అని నవ్వాడు. నవ్వుతూ అన్నాడు గానీ సంతకం పెట్టలేదు. మన ఆంధ్రప్రదేశ్‌లో సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు మొదలైంది 2003లో. ఇరవై ఏళ్లు దాటినా కౌలు రైతు ఆ గేటు బయటే నిలబడి ఉన్నాడు.

సెప్టెంబరు 3

మూడు రోజులుగా ఒకటే వాన. విజయవాడలో బుడమేరు పొంగి సింగ్ నగర్ అంతా నీళ్లలో ఉందని టీవీలో చూపిస్తున్నారు. చెల్లెలు వాళ్లది ఆ చుట్టుపక్కలే. ఫోన్ కలవడం లేదు. చేను సంగతి తర్వాత.

సెప్టెంబరు 22

చెల్లెలు వాళ్లు క్షేమం. ఇంట్లో సామాను మాత్రం ఏదీ మిగల్లేదు.

ఆ వానలకు పల్లంలో చచ్చిన మొక్కల చోట మళ్లీ నాటించాం. పెద్దాడు తేమ చూసే పరికరం ఒకటి తెప్పించాడు. కోయంబత్తూరు చెరకు పరిశోధన సంస్థ వాళ్లు రూపొందించిందట. రెండు ఇనప చువ్వలు, పైన ఒక పిడి. చువ్వలు మట్టిలో గుచ్చి బటన్ నొక్కితే లైటు వెలుగుతుంది. నీలం అయితే తేమ దండిగా ఉన్నట్టు, ఆకుపచ్చ అయితే సరిపడా. నారింజ రంగు వస్తే నీళ్లు పెట్టుకోవచ్చు, ఎరుపు వస్తే ఇక ఆగొద్దు. చదువు రాని వాడైనా చూసి చెప్పొచ్చు.

పొద్దున్నే కౌలు చేలో గుచ్చాం. పైన నల్లరేగడి నెర్రెలు విచ్చి ఉంది. ఆ మట్టిని చూసిన ఎవరైనా వెంటనే మోటారు వేస్తారు. లైటు మాత్రం ఆకుపచ్చ. అనుమానం వచ్చి గడ్డపారతో జానెడు లోతు తవ్వాను. లోపలి మట్టి పిడికిట్లో ముద్ద కట్టింది.

"చూశావా నాన్నా, నువ్వు ఇవాళ నీళ్లు పెట్టేవాడివి" అన్నాడు వాడు. పెట్టేవాణ్ణే.

అయితే దీని వల్ల డబ్బు ఎంత మిగిలిందని అడిగితే చెప్పడం కష్టం. వ్యవసాయానికి పగలు తొమ్మిది గంటల కరెంటు ఉచితం. మోటారు ఒక గంట ఆడినా ఐదు గంటలు ఆడినా బిల్లు లేదు. నీళ్ల పొదుపు లెక్క పుస్తకంలో కనపడకపోవడానికి కారణం ఇదే. కనపడేది వేరే చోట: నీళ్లు ఎక్కువైతే వేరు కుళ్లు, దానికో మందు, వేసిన యూరియా వేరు దాటి కిందికి దిగిపోవడం, మళ్లీ ఇంకో బస్తా. బోరు ఎండిన ఏడాది వస్తే మాత్రం ఒకేసారి మొత్తం కనపడుతుంది.

డ్రిప్పులో ఎరువు నీళ్లను పీల్చే వెంచూరి గొట్టం ద్వారా యూరియా వదలడం మొదలుపెట్టాం. మొదట వట్టి నీళ్లు, మధ్యలో ఎరువు నీళ్లు, చివర మళ్లీ వట్టి నీళ్లు. చివరి నీళ్లు సరిగా వదలకపోతే పైపుల్లో ఉప్పు మిగిలి డ్రిప్పర్లు మూసుకుపోతాయి. ఎరువు చల్లే కూలీ పోయింది. బస్తాలకు బస్తాలు ఒకేసారి పోయకుండా వారానికి కొన్ని కిలోలు వేరు దగ్గరికే చేరుస్తున్నాం. కొట్టతను మాత్రం నీళ్లలో కరిగే 19-19-19 కొనమంటాడు. డ్రిప్పు ఉన్నవాడంటే ఖరీదైన సంచి కొనాల్సిన వాడని ఒక లెక్క స్థిరపడిపోయింది. భాస్వరం అక్కర్లేదని కాగితం చెబుతుంటే పోషకాల్లో మూడో వంతు భాస్వరమే ఉన్న సంచి నేనెందుకు కొనాలి? యూరియా కూడా నీళ్లలో శుభ్రంగా కరుగుతుంది.

అక్టోబరు 23

నిన్న రాత్రి విజయవాడ పున్నమి ఘాట్‌లో 5,500 డ్రోన్లు ఆకాశంలో బొమ్మలు గీశాయట. ఐదు గిన్నిస్ రికార్డులు. పెద్దాడు స్నేహితులతో వెళ్లి వచ్చి పొద్దున్నుంచీ అదే మాట. మంగళగిరిలో డ్రోన్ల సదస్సు నడుస్తోంది కదా.

మా ఊళ్లోకి వచ్చింది ఒక్క డ్రోనే. పది లీటర్ల ట్యాంకు. పక్కూరి డ్వాక్రా సంఘం అమ్మాయి నడిపిస్తోంది. నమో డ్రోన్ దీదీ అని కేంద్రం 2023 నవంబరులో మొదలుపెట్టిన పథకం, దేశమంతటా 15,000 సంఘాలకు, ఖర్చులో 80 శాతం, 8 లక్షలకు మించకుండా సబ్సిడీ. కౌలు చేను ఎకరం పది నిమిషాల లోపే అయిపోయింది. తైవాన్ స్ప్రేయర్‌తో అయితే ఇద్దరు మనుషులు, ఎకరానికి 150 నుంచి 200 లీటర్ల నీళ్లు, ఆ నీళ్లు మోసుకొచ్చే తిప్పలు. పైగా మందు కొట్టిన మనిషి రాత్రంతా కళ్లు మంటలని కూర్చోవడం. ఆ ఒక్క కారణం చాలు నాకు డ్రోన్ నచ్చడానికి.

కానీ దాన్ని అన్నిటికీ దేవుణ్ణి చేయొద్దు. అమ్మాయి వెళ్లిపోయాక ఆకులు తిప్పి చూశాను. పై ఆకు మీద తుంపర సన్నగా, సమంగా పడింది. కింది ఆకుల అడుగున పొడిగానే ఉంది. మొక్క చిన్నగా ఉన్నప్పుడు, సూక్ష్మ పోషకాలు చల్లడానికి, వరి మీద, దీనికి సాటి లేదు. గుబురెక్కిన మిరపలో పూవు లోపల దాక్కునే పురుగుకు ఇది ఎంత అందుతుందో ఆకే చెబుతోంది. ఇంకొకటి, ఎవరూ డ్రోన్ కొనొద్దు. ఊరికొకటి ఉండి అద్దెకు తిరిగితే చాలు. ఇంటికో ట్రాక్టరు కొన్న ఏళ్లు చూశాం. వాయిదాలు కట్టలేక అమ్ముకున్న వాళ్లు ఇంకా మన మధ్యే ఉన్నారు.

నవంబరు 17

నల్ల తామర పురుగు వచ్చింది.

2021 చలికాలం తలచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. ఆగ్నేయాసియా పురుగు. మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద తొలిసారి కనపడిందట. ఆరేళ్లకు మన మిరప పూతను మసి చేసింది. ఆ ఏడు ఏ మందు కొడితే ఆగుతుందో తెలియక అన్నీ కలిపి కొట్టాం అందరం. అప్పులు మిగిలాయి, పురుగూ మిగిలింది.

ఈసారి ఎకరానికి కొన్ని నీలి జిగురు అట్టలు ముందే కట్టి ఉంచాను. మా ఆవిడా నేనూ తెల్ల కాగితం పట్టుకుని చేనంతా తిరిగాం. పూవు కోసి కాగితం మీద వేలితో తట్టడం, రాలినవి లెక్కపెట్టడం. ఆవగింజ ముక్కంత నల్ల చుక్కలు, ఒక క్షణం చచ్చినట్టు పడి ఉండి కాగితం అంచుకు పాకుతాయి. నాకు కళ్లజోడు ఉన్నా ఆనలేదు. ఆవిడే లెక్క చెప్పింది, నేను రాసుకున్నాను. తూర్పు గట్టు వైపు, మా బాబాయి చేను పక్కన, పూవుకు పదికి పైనే. మధ్యలో మూడు, నాలుగు. పడమర వైపు చాలా పూల నుంచి ఏమీ రాలలేదు.

కొట్టుకు వెళ్లి ఈ లెక్క చెబితే అతను కాగితం వంక చూడనైనా చూడలేదు. నాలుగు సీసాలు బల్ల మీద పెట్టి, "మొత్తం తోటకు కలిపి కొట్టెయ్యి అన్నా, ఐదో రోజు మళ్లీ రా. డబ్బుల సంగతి కాయ వచ్చాక చూద్దాం" అన్నాడు. సలహా ఉచితం, మందు అప్పు, అప్పుకు వడ్డీ. మిరప రైతు చేతి నుంచి పురుగుమందుల ఖర్చు జారిపోయేది సరిగ్గా ఆ బల్ల దగ్గరే.

ఒక్క సీసా తీసుకున్నాను. తూర్పు సగానికి ఆ ఒక్క మందు, చెప్పిన మోతాదులో, మనుషులతో ఆకు అడుగు తడిసేలా. పడమర సగానికి వేపనూనె. నత్రజని కూడా తగ్గించాను. ఏపుగా, పచ్చగా ఉన్న మొక్క మీదికే ఈ పురుగు ముందు వస్తుంది.

బాబాయి గట్టు మీద నిలబడి, "ఏరా, సగం తోటకే కొట్టావట, మిగతా సగం నీది కాదా?" అన్నాడు. మధ్యాహ్నం ఆయనకూ ఒక తెల్ల కాగితం ఇచ్చి వచ్చాను.

డిసెంబరు 8

డ్రిప్పర్లు కొన్ని చుక్క వదలడం లేదు. మా బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. యాసిడ్ పట్టించి పైపుల చివరలు విప్పి కడిగాం. పరికరం అమ్మేటప్పుడు ఈ పని గురించి ఎవరూ చెప్పరు. ఫిల్టర్ కడగని వాళ్ల డ్రిప్పు రెండేళ్లకు గట్టు మీద చుట్ట చుట్టి ఉంటుంది.

జనవరి 15, 2025

పండక్కి ఖమ్మం నుంచి బావ వచ్చాడు. ఆయనదీ మిరపే. అక్కడ సాగు బాగు అని తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక కలిసి 7,000 మంది మిర్చి రైతులతో ఒక ప్రయోగం చేశాయి. డిజిటల్ గ్రీన్ అనే సంస్థ వాళ్లు నడిపించారు. ఫోన్‌కు సలహాలు, మట్టి పరీక్ష, కాయ నాణ్యత చూసే యంత్రం. పురుగుమందులు 9 శాతం, ఎరువులు 5 శాతం తగ్గాయని, దిగుబడి 21 శాతం, ధర 8 శాతం పెరిగాయని ప్రకటించారు.

"తొమ్మిది శాతానికేనా ఇంత హంగామా?" అన్నాడు పెద్దాడు.

బావ గారె తింటూ తాపీగా చెప్పాడు. "మిరపకు ఎకరాకు పెట్టే పెట్టుబడిలో మందులే ఎంతో నీకు తెలుసా? అందులో తొమ్మిది శాతం అంటే మా ఇంట్లో పిల్లాడి బస్సు ఫీజు." నాకు మాత్రం ఆ ప్రకటనలో ఆఖరి అంకె, ధర పెరిగిన 8 శాతం, నచ్చింది. మందు తక్కువ పడ్డ కాయకు అడిగే వాడు వేరే ఉంటాడు. ఎగుమతి వ్యాపారులు మందు అవశేషాలు పరీక్ష చేయించి కొంటున్నారు.

కర్నూలు జిల్లా దేవనకొండ సంగతి కూడా వచ్చింది మాటల్లో. 2016లో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్ కలిసి 175 మంది వేరుశెనగ రైతులకు ఎప్పుడు విత్తాలో తెలుగులో మెసేజ్ పంపారు. జూన్ మొదట్లో తొందరపడకుండా నెలాఖరుకు ఆగమన్నారు. ఆగిన వాళ్లకు దిగుబడి సగటున 30 శాతం పెరిగింది. రైతు చేతి నుంచి ఖర్చయింది ఏమీ లేదు. అక్కడివి వానాధార చేలు, తొలకరి చూసి తొందరపడితే విత్తనం దండగ.

ఫిబ్రవరి 27, 2025

నిన్న శివరాత్రి. కోటప్పకొండ ప్రభలకు ఊరంతా వెళ్లింది. కళ్లంలో కాయ ఉంది కాబట్టి మేం వెళ్లలేదు.

మిర్చి యార్డులో ధర పడిపోయింది. నిరుడు క్వింటాలు 20 వేలు చూసినవాళ్లు ఇప్పుడు 11 వేలు కూడా పలకడం లేదని కళ్లు తుడుచుకుంటున్నారు. మార్కెట్ జోక్య పథకం కింద క్వింటాలుకు 11,781 రూపాయలు, 2.91 లక్షల టన్నుల దాకా అని కేంద్రం ప్రకటించింది. అది మన చేతికి ఎలా, ఎప్పుడు వస్తుందో చూడాలి.

పుస్తకం తీసి రెండు చేల లెక్కా పక్కపక్కన రాశాను. కౌలు ఖర్చు పక్కన పెట్టి పోల్చినా, సొంత చేలో క్వింటాలుకు పడ్డ పెట్టుబడి కౌలు చేలోకన్నా స్పష్టంగా తక్కువ. తేడా వచ్చింది మూడు పద్దుల్లో: కలుపు కూలి, ఎరువు చల్లే కూలి, ఎరువు బస్తాలు. డీఏపీ మానడం, పూవు తట్టి చూసి మందు కొట్టడం రెండు చేలకూ ఒకటే, వాటికి పాస్‌బుక్కు అక్కర్లేదు కనుక. ఈ ధరకు సొంత చేను ఒడ్డున పడింది. కౌలు చేను నష్టంలోనే ఉంది.

మా పల్నాడులో మిరప వేసే వాళ్లలో ఎంతో మంది కౌలు రైతులే. ధర పడినప్పుడు ముందు మునిగేది వాళ్లు, ఖర్చు తగ్గించే పరికరం చివర అందేదీ వాళ్లకే. 2019 చట్టం ప్రకారం సాగుదారుకు పదకొండు నెలల కార్డు ఇస్తున్నారు, దానికీ ఆసామి సంతకం కావాలి. పైపులు, ఫిల్టరు, వెంచూరి చేను మారితే విప్పి తీసుకెళ్లగలిగే సామానే. వాటి సబ్సిడీని భూమి పేరు మీద కాకుండా సాగు చేసే మనిషి పేరు మీద ఇవ్వాలి. అర్జీ రాసి పెట్టాను. బాబాయి సంతకం చేశాడు. ఊళ్లో మిగతా కౌలుదారులూ చేయాలి.