పడవకెంత ట్యాంకు?

లంక గ్రామాల వాళ్లకు పడవంటే విహారం కాదు, ఎడ్లబండి లాంటిది. మా ఇంట్లో కొత్తగా కొన్న పడవకు అయిదు హార్సుపవర్ డీజిలు ఇంజను బిగించారు. దానికి ఎంత ట్యాంకు పెట్టించాలన్న దగ్గర ఇల్లు రెండు పార్టీలైంది. "నలభై లీటర్లది పెడితే వారం రోజులు బంకు మొహం చూడక్కర్లేదు" అని పెదనాన్న. "అయిదు లీటర్లది చాలు, డబ్బు ట్యాంకులో పోసి నిలవబెట్టడం దేనికి?" అని నాన్న. బి.యస్సీ. వెలగబెడుతున్నాను గదా అని తీర్పు నా మీద పెట్టారు.

కాగితం తీశాను. ఇలాంటి ఇంజను పూర్తి బలంతో నడిస్తే హార్సుపవరుకు గంటకు సుమారు 200 గ్రాముల డీజిలు తాగుతుంది. అయిదింటికి కిలో. లీటరు డీజిలు 830 గ్రాములు తూగుతుంది గనక గంటకు 1.2 లీటర్లు. మేం కూరగాయలు వేసుకెళ్లే సంత ఎగువన 12 కిలోమీటర్లు. నిలకడ నీళ్లలో మా పడవ వేగం గంటకు 10 కిలోమీటర్లు. రానూ పోనూ 2 గంటల 24 నిమిషాలు.

"ఎదురులో పోయింది వాలులో కలిసొస్తుందిలేరా" అన్నాడు పెదనాన్న. కలిసిరాదండీ! ఏటి వేగం 4 అనుకుంటే, పోయేటప్పుడు మిగిలే వేగం 6, పట్టేది 2 గంటలు. వచ్చేటప్పుడు వేగం 14, పట్టేది 51 నిమిషాలు. కష్టం ఎక్కువసేపు, సుఖం తక్కువసేపు. ఖర్చు సుమారు మూడున్నర లీటర్లు. పోవడానికి మూడో వంతు, రావడానికి మూడో వంతు, ఆపదకు మూడో వంతు అని పడవ నడిపేవాళ్ల సూత్రం. ఆ ప్రకారం అయిదు లీటర్లు దాటింది. అడుగున చేరే మడ్డికీ, ఎండకు డీజిలు వ్యాకోచించడానికీ చోటు వేరే ఉండాలి. నాన్న ట్యాంకు చాలదు.

పెదనాన్న ట్యాంకు నిండితే 33 కిలోల బరువు. సగం ఖాళీ అయిందా, పడవ ఒరిగిన వైపుకే డీజిలూ పరుగెత్తి ఇంకాస్త ఒరగనిస్తుంది. ఖాళీ భాగంలోని తేమ రాత్రి చలికి నీరై డీజిల్లో చేరుతుంది.

"మరి వరదలోనో?" అన్నాడు నాన్న.

ఏటి వేగం 8 వేసి చూశాను. ఎగువకు మిగిలేది 2. పోవడానికే 6 గంటలు, రావడానికి 40 నిమిషాలు. 8 లీటర్లు, ఆపద వంతుతో 12. మడ్డికీ ఖాళీకీ కలిపి 15 లీటర్ల ట్యాంకు అన్నాను.

"ఏరు పదితో వస్తే?"

హారంలో సున్నా పడింది. లోకంలో ఉన్న డీజిలంతా పోసినా పడవ ఉన్నచోటు నుంచి కదలదు. 1986 ఆగస్టులో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారిన గోదారిని చూసినవాడు పెదనాన్న. ఆయన మరి మాట్లాడలేదు.

పదిహేను లీటర్లదే పెట్టించాం. మర్నాడు నాన్న రేవులోని రాటకు ఎర్రరంగుతో గీత గీశాడు. నీరు ఆ గీత దాటిన రోజున వంకాయలు బుట్టల్లో కుళ్లిపోయినా సరే, మా పడవ కట్టు విప్పరు.