గోడల్లో దాగిన మూర

1977 నవంబరు 19న వచ్చిన తుఫానుకు మా ఇంటి తాటాకు కప్పు మొత్తం లేచిపోయింది. పామర్రు నుంచి మొవ్వ వెళ్లే దారిలో ఉండేది మా ఊరు. దివిసీమను ఉప్పెన మింగిన రోజది. మన మీదికి గాలీ వానే వచ్చాయి, సముద్రం రాలేదు అని అమ్మ చాలా ఏళ్లు దణ్ణం పెట్టుకుంటూ ఉండేది. తాతయ్య కట్టించిన ఇటుక గోడలు నిలిచాయి గానీ మట్టినేల మాత్రం బురదగుంటయింది.

మరుసటి ఎండాకాలం నాన్న ఆ గోడల మీదే బంగాళా పెంకులు వేయించాడు. పెద్ద గదికి నాపరాళ్లు పరిపిద్దామనుకున్నాడు. నాకప్పుడు పదకొండేళ్లు, ఆరో తరగతి పరీక్షలు అయిపోయాయి. గుడివాడ వైపు నుంచి ఒక మేస్త్రీ సైకిలు మీద వచ్చేవాడు. చెవి మీద పెన్సిలు ముక్క, భుజం మీద తువ్వాలు. తక్కువ మాట్లాడే మనిషి.

గది లోపలి కొలత పొడుగు పద్దెనిమిది అడుగులు, వెడల్పు పదిన్నర. రెండడుగుల రాళ్లు తెప్పిద్దామన్నాడు నాన్న.

"ఆగండి. పొడుగులో తొమ్మిది రాళ్లు సరిగ్గా పడతాయి. వెడల్పులో అయిదు వేశాక ఆరంగుళాలు మిగుల్తుంది. గోడ పక్కన ముక్కలు అతికించాలి. రాయి దండగ, చూపుకీ బాగుండదు" అన్నాడు మేస్త్రీ.

ఆ మాట అని పురికొస ఉండ తీశాడు. "ఈ కొస పట్టుకో అబ్బాయ్" అని నన్ను గోడ దగ్గర కూర్చోబెట్టాడు. గది పొడుగుకి ఒక తాడు, వెడల్పుకి ఒక తాడు తెంపి రెంటినీ పక్కపక్కన పరిచాడు. పొడుగు తాడులోంచి పొట్టి తాడంత కోసి పక్కన పడేస్తే ఏడున్నర అడుగులు మిగిలింది. ఆ ఏడున్నరను పదిన్నర మీద పెట్టి కోశాడు, మూడడుగులు మిగిలింది. మూడడుగుల ముక్కను ఏడున్నర మీద రెండుసార్లు జరిపితే అడుగున్నర మిగిలింది. అడుగున్నర ముక్కను మూడడుగుల దాని మీద పెట్టాడు. రెండుసార్లకు సరిపోయింది, ఇక మిగులు లేదు.

ఆ చివరి ముక్కను మోచేతి నుంచి నడివేలి కొస దాకా ఆనించి చూసుకుని, నాన్న వైపు తిరిగాడు.

"ఈ గోడలు లేపినాయన మూరకర్రతో కొలిచాడండీ. పొడుగు పన్నెండు మూరలు, వెడల్పు ఏడు."

నాన్న కాసేపు ఏమీ అనలేదు. తాతయ్య పోయి చాలా కాలమైంది. ఆ గోడలు కట్టినవాళ్లెవరో ఊళ్లో చెప్పేవాళ్లూ లేరు. ఇంట్లో మేమంతా అడుగుల్లోనూ అంగుళాల్లోనూ మాట్లాడుకునేవాళ్లం. ఆ గదిలోనే పుట్టి పెరిగిన నాన్నకు కూడా దాని కొలత మూరలని తెలియదు. తాడు ముక్క దాన్ని పైకి తీసింది. నా జీవితంలో లెక్క అనేదాని మీద గౌరవం కలిగిన మొదటి క్షణం అదే.

అడుగున్నర చదరపు రాళ్లు బెజవాడ నుంచి లారీలో వచ్చాయి, అప్పటి కర్నూలు జిల్లా బేతంచెర్ల రాయి. పన్నెండు వరసలు, వరసకు ఏడు, ఎనభై నాలుగు రాళ్లు. తొమ్మిదంగుళాలవి కూడా సరిపోతాయి కదా అని నేనడిగాను. "సరిపోతాయి. మూడువందల ముప్పై ఆరు పడతాయి. అన్ని సందులుంటే చీమలూ చెమ్మా అన్నీ లోపలికే. సరిపోయేవాటిలో పెద్దది చూసుకోవాలి" అన్నాడు. గరిష్ఠ సామాన్య భాజకంలో ఆ 'గరిష్ఠ' ఎందుకుందో నాకు ఇంతకంటే బాగా ఎవరూ చెప్పలేదు.

ఆ ఏడే ఏడో తరగతిలో మాస్టారు గ.సా.భా. మొదలుపెట్టారు. సంఖ్యల్ని ప్రధాన కారణాంకాలుగా విడగొట్టి, రెంటిలోనూ ఉన్నవాటిని గుణించడం. మా గది కొలతల్నే అంగుళాల్లోకి మార్చి నేను చేసి చూసుకున్నాను. 216 అంటే మూడు రెళ్లు, మూడు మూళ్లు. 126 అంటే ఒక రెండు, రెండు మూళ్లు, ఒక ఏడు. ఉమ్మడిగా ఉన్నవి ఒక రెండు, రెండు మూళ్లు. గుణిస్తే 18. పలక మీద మూర కనిపించేసరికి ఒళ్లు జలదరించింది.

కొన్నాళ్లకు మాస్టారు బోర్డు మీద 1147, 1073 వేశారు. తరగతంతా రెండుతో, మూడుతో, ఏడుతో, పదకొండుతో భాగించి చూసి అలిసిపోయింది. ఏదీ పోదు. ఉమ్మడిది ఒకటేనని చాలామంది తేల్చేశారు. నేను పురికొస గుర్తు చేసుకున్నాను. పెద్దదాంట్లోంచి చిన్నది తీస్తే 74. 1073లో 74 పద్నాలుగుసార్లు పోతుంది, 37 మిగులుతుంది. 74లో 37 రెండుసార్లు, మిగులు సున్నా. జవాబు 37.

మాస్టారు నన్ను బోర్డు దగ్గరికి పిలిచి మళ్లీ చేయించారు. ఎక్కడ నేర్చుకున్నావురా అంటే మేస్త్రీ సంగతి చెప్పాను. ఆయన నవ్వలేదు. సుద్దముక్కతో రెండు గీతలు గీసి, అది ఎందుకు పనిచేస్తుందో అందరికీ చెప్పారు. రెండు పొడుగుల్నీ మిగులు లేకుండా కొలిచే ముక్క, వాటి మధ్య తేడానూ కొలిచి తీరాలి. కాబట్టి పెద్దదాన్ని వదిలేసి తేడాను పట్టుకున్నా ఉమ్మడి కొలత పోదు. సంఖ్యలు చిన్నవవుతూ పోతాయి, అది మాత్రం అలాగే ఉంటుంది. చివరికి అదొక్కటే మిగులుతుంది. 37ను 31తో గుణిస్తే 1147 అని, 29తో గుణిస్తే 1073 అని పక్కన రాసి చూపించారు.

తర్వాత నేనూ లెక్కల మాస్టారినయ్యాను. బెజవాడలో ఉద్యోగం చేసే రోజుల్లో సాయంత్రాలు లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో గడిపేవాణ్ణి. యూక్లిడ్ ఏడో పుస్తకం ఇంగ్లీషులో చదివింది అలా దొరికిన ప్రతిలోనే. క్రీస్తుకు దాదాపు 300 ఏళ్ల ముందు రాసిన ఆ పుస్తకంలో సంఖ్యలంటే గీతలే. పెద్ద గీతలోంచి చిన్న గీతను తీసేస్తూ పోవడమే మొదటి రెండు ప్రతిపాదనలూ. చదువుతుంటే పురికొస వాసన వచ్చింది నాకు. మన ఆర్యభటుడు 499లో చెప్పిన కుట్టకంలో నడిచేదీ ఈ ఒకదాన్నొకటి భాగించుకుంటూ పోవడమే. కుట్టకం అంటే దంచి పొడిచేయడం. ఎంత సరైన పేరు! తొమ్మిదో శతాబ్దపు మహావీరాచార్యుడు భిన్నాలు కూడడానికి హారాల క.సా.గు. తీయమన్నాడు. రెండు సంఖ్యల లబ్ధాన్ని వాటి గ.సా.భా.తో భాగిస్తే వచ్చేది అదే. ఆయన గ్రంథాన్నే పావులూరి మల్లన 'సారసంగ్రహ గణితం'గా తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. ఈ మాట చెప్పకుండా నేను ఏ ఏడూ ఆ పాఠం మొదలుపెట్టలేదు.

పిల్లలకు నేను గట్టిగా చెప్పింది ఇంకొకటుంది. కారణాంకాలు విడగొట్టడం చిన్న సంఖ్యలకే. వందల అంకెల సంఖ్యను విడగొట్టడం కంప్యూటర్లకూ గగనమే, 1977లో పుట్టిన ఆర్‌ఎస్‌ఏ రహస్యలిపి ఆ కష్టం మీదే నిలబడింది. అంతటి సంఖ్యలకు కూడా గ.సా.భా. క్షణంలో వస్తుంది. చిన్న సంఖ్యలో ఎన్ని అంకెలుంటే దానికి అయిదు రెట్లకు మించి భాగహారాలు పట్టవని 1844లో ఫ్రాన్సులో లామే నిరూపించాడు. 1073కి ఇరవైకి మించవన్నమాట, మనకు మూడే పట్టాయి.

2019లో తమ్ముడు ఊళ్లో ఇంటికి కొత్త టైల్స్ వేయిస్తానన్నాడు. నేను వెళ్లేసరికి సగం రాళ్లు లేచాయి. కొత్త టైల్స్ రెండడుగులవి. పని చేస్తున్న కుర్రాడు చివరి వరసకు ఆరంగుళాల ముక్కలు మిషనుతో కోస్తున్నాడు. మంచి పనివాడే. కోత ఎక్కడా పెచ్చు లేవలేదు.

పాత రాళ్లు చెత్తలో పోయకండి అన్నాను. లెక్కపెడితే తీసేటప్పుడు మూడు పగిలాయి, ఎనభై ఒకటి బాగున్నాయి. తులసికోట ముందు నేల చదును చేయించి, వరసకు తొమ్మిది చొప్పున తొమ్మిది వరసలు పరిపించాను. కొలిచేటప్పుడు తాడు రెండో కొస తమ్ముడి మనవరాలు పట్టుకుంది.