పసుపు ఆరబెట్టే ఎండ... బండిని నడిపిస్తుందా?

ఫిబ్రవరి వచ్చిందంటే పెర్కిట్ గాలే మారిపోతుంది. బస్సు దిగీ దిగగానే ఉడికించిన పసుపు వాసన ముక్కుకు తగులుతుంది. హైదరాబాద్-నాగ్‌పూర్ రహదారి (44వ నంబరు), నిజామాబాద్ నుంచి జగిత్యాల మీదుగా జగదల్‌పూర్ వెళ్లే 63వ నంబరు రహదారి కలిసేది ఈ ఊరి దగ్గరే. ఆర్మూర్ మున్సిపాలిటీలో కలిసిపోయినా జనం నోట ‘పెర్కిట్’ పెర్కిటే!

కల్లాలు చూద్దామని ఆటో ఎక్కాను. కరెంటు ఆటో. నేను పేపరోణ్నని తెలిశాక డ్రైవరు వెనక్కి తిరిగి అడిగాడు. ‘‘ఇంత ఎండ ఉత్తగనే పోతుంది గద సార్! టాపు మీద సోలార్ ప్లేటు ఏపిస్తే చార్జింగ్ పెట్టే పని తప్పుతదా? అప్పు దెచ్చి ఏపిద్దామనుకుంటున్న.’’

నోట్‌బుక్ తీశాను. ఆటో టాపు మీద పట్టేది మహా అయితే రెండు చదరపు మీటర్ల పలక. అంటే 400 వాట్లు. మన దగ్గర రోజుకు అయిదు గంటల గట్టి ఎండ లెక్కేస్తే రెండు యూనిట్లు రావాలి. కానీ పలక వేడెక్కేకొద్దీ కరెంటు తగ్గుతుంది. దుమ్ము సరేసరి. చివరికి బ్యాటరీకి చేరేది యూనిటున్నర. దాంతో ఇరవై కిలోమీటర్లు నడుస్తుంది. ఆయన తిరిగేది రోజుకు ఎనభై!

డబ్బుల్లో చూస్తే మిగిలేది రోజుకు పది రూపాయలు. పలక, ఫ్రేము, బ్యాటరీకి తగ్గట్టు వోల్టేజీ మార్చే పరికరం అన్నీ కలిపి ఇరవై వేలనుకున్నా తీరడానికి అయిదారేళ్లు. పైన ఇరవై కిలోల బరువు. కంపెనీని అడక్కుండా బ్యాటరీకి తీగలు కలిపితే వారంటీకి ఎసరు.

పెద్ద పెద్దవాళ్లే ఇక్కడ తడబడ్డారు. నెదర్లాండ్స్‌కు చెందిన లైట్‌ఇయర్ సంస్థ 2022 చివర్లో సోలార్ కారు తయారీ మొదలుపెట్టి, 2023 జనవరిలోనే ఆపేసింది. పుణెకు చెందిన వేవ్ మొబిలిటీ 2025లో ఢిల్లీ ప్రదర్శనలో పెట్టిన ‘ఈవా’ అనే బుల్లి కారు కొంత నయం. ఎండతో ఏడాదికి 3,000 కిలోమీటర్ల దాకా వస్తుందని కంపెనీ మాట. రోజుకు ఎనిమిది పైచిలుకు. ఇంటి నుంచి బజారుకు వెళ్లి రావడానికి చాలు. స్కూటర్ సంగతి అసలు ఎత్తకండి, పలక పెట్టే చోటేదీ?

ఇంతలో కల్లం వచ్చింది. కనుచూపు మేర పసుపు! ఉడికిన కొమ్ముల్ని పది పదిహేను రోజులు ఇలా ఎండనిస్తారు. ‘‘ఇంత జాగా ఎందుకమ్మా?’’ అన్నాను, కాళ్లతో కొమ్ములు తిరగేస్తున్న పెద్దావిడతో. ‘‘కుప్ప పోస్తే ఎండదు బిడ్డా, బూజు పడ్తది. పల్చగ పర్వాలె’’ అందామె. డ్రైవరు నా వైపు చూసి నవ్వాడు. ఎండకు కావాల్సింది జాగా అని నేను నోట్‌బుక్‌లో రాసిందంతా ఆమె ఒక్క ముక్కలో తేల్చేసింది! ఎండిన పసుపు ట్రాక్టరెక్కి నిజామాబాద్ యార్డుకు పోతుంది గానీ, ట్రాక్టర్ మీద ఎండదు కదా.

‘‘మరి ఇంటి డాబా మీద పెట్టించు’’ అన్నాను. ఒక కిలోవాట్‌కు వంద చదరపు అడుగులు చాలు, రోజుకు నాలుగు యూనిట్లు వస్తాయి. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో రెండు కిలోవాట్లకు 60 వేలు, మూడింటికి 78 వేల సబ్సిడీ. పగలు ఆటో రోడ్డు మీదున్నా ఫరవాలేదు, ఆ కరెంటు లైనులోకి పోతుంది. రాత్రి చార్జింగ్ పెట్టినప్పుడు మీటరు ఆ లెక్క సరిచూస్తుంది.

ఆయన కాసేపు మాట్లాడలేదు. ‘‘కిరాయి ఇల్లు సార్. నాదనేటి కప్పు ఈ ఆటోదొక్కటే.’’

నా నోట్‌బుక్‌లో దీనికి జవాబు లేదు. పథకాలు రాసేవాళ్లు సొంత డాబాని దృష్టిలో పెట్టుకునే రాస్తారేమో! ఆటో అడ్డా మీద రేకుల షెడ్డు వేసి, దానిపైన పలకలు పరిచి, కింద నలుగురూ చార్జింగ్ పెట్టుకుంటే? పలకకు ఎండ, బండికి నీడ... రెండూ దక్కుతాయి. ‘‘అడ్డా జాగా మున్సిపాలిటోళ్లది. అందరం పోయి అడగాలె’’ అన్నాడాయన. అప్పు మాట మాత్రం మళ్లీ ఎత్తలేదు.

బస్సు కోసం నన్ను రోడ్డు దగ్గర దింపి, ఆటోను తిప్పి వేపచెట్టు కిందికి తీసుకెళ్లాడు. అక్కడ అప్పటికే మూడు ఆటోలు నీడ కోసం ఇరుక్కుని ఉన్నాయి.